కాలు జారక ముందే

నిర్మాణంలో ఉన్న భవనం పైనుంచి కాలు జారి పడి కూలీ మృతి చెందాడన్న వార్త జిల్లా పేజీలో నాలుగు వాక్యాలకు మించదు. ఊరి పేరు, వయసు, పోలీసులు కేసు నమోదు చేసుకున్నారన్న ముక్క ఉంటాయి. కాలు ఎందుకు జారిందో మాత్రం ఎవరూ రాయరు. ఇల్లు కట్టించుకునేవారికి ఇంజినీరు తెలుస్తాడు, తాపీమేస్త్రీ తెలుస్తాడు. మాలు కలిపి తట్టలకెత్తేవాళ్ళు, నెత్తిన ఇటుకలు పెట్టుకుని మెట్లెక్కే ఆడవాళ్ళు, సెంట్రింగ్ చెక్కలు అందించేవాళ్ళు, ఇనుప రాడ్లు మోసేవాళ్ళు అందరూ కలిసి ‘హెల్పర్లు’ అనే ఒక్క మాట కింద సర్దుకుపోతారు. సైటులో ఎక్కువ బరువు మోసేది వీళ్ళే, తక్కువ కూలి అందుకునేదీ వీళ్ళే. పనిలో ఎవరి మాటా వీళ్ళు కాదనలేరు. వీళ్ళ భద్రత అనగానే మనకు పసుపుపచ్చ హెల్మెట్ గుర్తొస్తుంది. శరీరధర్మశాస్త్రం, మనోవిజ్ఞానం, ఆర్థికశాస్త్రం కొన్ని దశాబ్దాలుగా విడివిడిగా పోగుచేసిన సాక్ష్యాలను ఒకచోట పెట్టి చూస్తే వేరే సంగతి తేలుతుంది. ఒంటి భద్రత వేరు, మనసు భద్రత వేరు అనుకోవడం పొరపాటు. ఎండ, నిద్రలేమి, అప్పు, భయం, ఈ నాలుగూ చివరికి పరంజా పలక మీద వేసే అడుగు దగ్గరికే చేరతాయి. ఆ అడుగు సరిగా పడేలా చూసే పని మనిషి జాగ్రత్తకు కాక, పని జరిపించే ఏర్పాటుకు అప్పగించాలి.

మొదట భౌతికశాస్త్రం చెప్పేది చూద్దాం. ఒక అంతస్తు ఎత్తు సుమారు 3 మీటర్లు. అక్కడినుంచి జారిన మనిషి నేలను తాకడానికి సెకనులో పదింట ఎనిమిది వంతులు కూడా పట్టదు. తాకేటప్పటికి వేగం గంటకు 27 కిలోమీటర్లు దాటుతుంది. రెండంతస్తులైతే 1.1 సెకన్లు, వేగం గంటకు 39 కిలోమీటర్లు. ఊహించని కదలికను కన్ను పసిగట్టి, మెదడు ఆజ్ఞ ఇచ్చి, చెయ్యి కదలడం మొదలయ్యేసరికే సెకనులో నాలుగో వంతు గడిచిపోతుంది. ఇక చేతికందే దూరంలో పట్టుకోవడానికి ఏదైనా ఉండాలి, ఆ చేతుల్లో అప్పటికే తట్ట ఉండకూడదు. అంటే జారాక జాగ్రత్తపడే అవకాశం దాదాపు లేదు. హెల్మెట్ సంగతీ అంతే. యూరప్ ప్రమాణాల ప్రకారం పారిశ్రామిక హెల్మెట్‌ను పరీక్షించేటప్పుడు 5 కిలోల బరువును మీటరు ఎత్తునుంచి దానిమీద వదులుతారు. ఆ దెబ్బ శక్తి సుమారు 50 జౌళ్ళు. 3 కిలోల ఇటుక 10 మీటర్ల ఎత్తునుంచి పడితే దాదాపు 290 జౌళ్ళు, అంటే పరీక్షలో తట్టుకున్నదానికి ఆరు రెట్లు. హెల్మెట్ పెట్టుకోవాల్సిందే, అది ఎన్నో ప్రాణాలు కాపాడింది. కానీ ఇటుక కింద పడకుండా పలక అంచున అడ్డుపట్టీ, పడ్డా ఆపే వల, కింద మనుషులు తిరగకుండా కట్టిన తాడు, ఇవన్నీ ఉన్నచోట చివరి రక్షణగా మాత్రమే హెల్మెట్ పనికొస్తుంది.

భద్రతా శాస్త్రంలో దీనికో వరుసక్రమం ఉంది. ముందు ప్రమాదాన్నే తొలగించాలి. అది కుదరకపోతే మనిషికీ ప్రమాదానికీ మధ్య అడ్డుకట్ట కట్టాలి. ఆ తరవాత పని పద్ధతి మార్చాలి. ఇవన్నీ అయ్యాకే ఒంటిమీద తొడిగే సరంజామా. శాన్‌ఫ్రాన్సిస్కోలో 1933 నుంచి 1937 వరకు గోల్డెన్ గేట్ వంతెన కట్టినప్పుడు ఛీఫ్ ఇంజినీరు జోసెఫ్ స్ట్రాస్ వంతెన కింద పొడవునా వల కట్టించాడు. ఆ రోజుల్లోనే దానికి లక్షా ముప్ఫై వేల డాలర్లు అయింది. అందులో పడి 19 మంది బతికి బయటపడ్డారు. 1937 ఫిబ్రవరిలో ఒక పరంజా విరిగి వలను చించుకుంటూ పడిపోవడంతో 10 మంది చనిపోయారు. ఈ రెండు సంఖ్యలనూ కలిపే చదవాలి. ఆ 19 మందీ తక్కినవారికంటే జాగ్రత్తపరులని కాదు, కింద వల ఉంది కాబట్టి బతికారు. ఆ 10 మందీ అజాగ్రత్తగా ఉండి పోలేదు, పరంజా నిలవలేదు కాబట్టి పోయారు. మన సైట్లలో వరుస తలకిందులవుతుంది. స్లాబు అంచుకు రెయిలింగ్ ఉండదు, లిఫ్టు గుంతకు మూత ఉండదు. గేటు దగ్గర మాత్రం ‘భద్రతే ముఖ్యం’ అన్న బోర్డు ఉంటుంది.

కాలు జారడానికి దారితీసేవాటిలో మొదట చెప్పుకోవాల్సింది ఎండ. కండరం ఖర్చు చేసే శక్తిలో పనికి పోయేది నాలుగో వంతు లోపే, మిగతాదంతా వేడిగా మారుతుంది. ఊరికే కూర్చున్న మనిషి ఒంట్లో సుమారు 100 వాట్ల వేడి పుడితే, బరువు మోసే మనిషిలో అది నాలుగైదు రెట్లవుతుంది. దాన్ని బయటికి పంపే ప్రధాన మార్గం చెమట. లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే 2,400 కిలోజౌళ్ళ వేడిని తీసుకుపోతుంది. ఆవిరి కాకుండా కారిపోతే ఒంటికి ఒరిగేది లేదు. అందుకే రామగుండంలో 44 డిగ్రీల పొడి ఎండ ఒక రకంగా చంపితే, విశాఖలో 36 డిగ్రీల ఉక్క ఇంకో రకంగా చంపుతుంది. పని మానాలా వద్దా అన్నది మామూలు థర్మామీటరు చూసి తేల్చలేం. తేమనూ గాలినీ ఎండ తాపాన్నీ కలిపి లెక్కగట్టే తడి బల్బు గోళ ఉష్ణోగ్రత అనే కొలత ఒకటుంది. అమెరికా సైనిక శిక్షణ శిబిరాల్లో వడదెబ్బ చావులు తగ్గించడానికి 1950లలో దాన్ని రూపొందించారు. అందులో తేమను పట్టిచూపే తడి బల్బు వాటాయే 70 శాతం. తెలుగువాళ్ళు వేలాదిగా నిర్మాణ పనులకు వెళ్ళే ఖతర్‌లో 2021 నుంచి ఈ కొలత 32.1 డిగ్రీలు దాటితే ఆరుబయట పని ఆపాలన్న నిబంధన ఉంది. అది వేలమంది వలస కూలీల మరణాల మీద ప్రపంచం నిలదీశాక వచ్చిన నిబంధన.

ఎండ వడదెబ్బతోనే ఆగదు. అమెరికాలోని కాలిఫోర్నియాలో 2001 నుంచి 2018 వరకు కార్మికులు పెట్టుకున్న కోటికి పైగా పరిహార దరఖాస్తులను ఆర్థికశాస్త్రవేత్తలు రోజువారీ ఉష్ణోగ్రతలతో పోల్చి చూశారు. చల్లటి రోజులతో పోలిస్తే 32 డిగ్రీలు దాటిన రోజుల్లో పని గాయాలు 6 నుంచి 9 శాతం, 38 డిగ్రీలు దాటితే 10 నుంచి 15 శాతం పెరిగాయి. అందులో వడదెబ్బ కేసులు కొద్దిపాటివే. ఎక్కువ భాగం నిచ్చెన మీదనుంచి పడటం, యంత్రంలో చెయ్యి నలగడం, వాహనం గుద్దడం లాంటి మామూలు గాయాలు. వేడెక్కిన మెదడు చూపును, నిర్ణయాన్ని, చేతి పట్టును మందగింపజేస్తుంది. ఎండపూట జరిగిన ప్రమాదం రికార్డులో మాత్రం ‘అజాగ్రత్త’గానే నమోదవుతుంది. ఇంకో సంగతి. ఒళ్ళు ఎండకు అలవాటుపడటానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా లెక్క ప్రకారం పనిచోట ఎండవల్ల జరిగే చావుల్లో దాదాపు సగం మొదటి రోజునే, 70 శాతానికి పైగా మొదటి వారంలోనే జరుగుతాయి. అందుకే కొత్తవారికి మొదటి రోజు ఐదో వంతు పనే ఇచ్చి, రోజుకింత పెంచాలని అక్కడి సలహా. మన లేబర్ అడ్డా మీద ఈ పూటకు కుదిరిన మనిషి ఏ సైటుకు వెళ్ళినా కొత్తవాడే. పండక్కి ఊరెళ్ళి మూడు వారాలకు తిరిగొచ్చిన పాలమూరు కూలీ, వేసవిలో రైలు దిగిన ఒడిశా కూలీ ఒంటికి మళ్ళీ మొదటి రోజే. వాళ్ళకు మొదటి రోజే పూర్తి బరువు ఎత్తిస్తాం.

నీళ్ళ దగ్గర ఒళ్ళు, మనసు ఎలా కలిసిపోతాయో ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. మరుగుదొడ్డి లేని సైటులో ఆడవాళ్ళు మధ్యాహ్నం దాకా నీళ్ళు తాగడం తగ్గించేసుకుంటారు. పక్కనే చల్లటి నీళ్ళ క్యాను ఉన్నా లాభం లేదు. తాగితే ఎక్కడికి వెళ్ళాలన్న సంకోచం, వెళ్తే ఎవరు చూస్తారోనన్న భయం దాహం కంటే బలమైనవి. ఫలితం మూత్రనాళ ఇన్ఫెక్షన్లుగా, తలతిరుగుడుగా, ఎండదెబ్బగా ఒంటిమీద తేలుతుంది. ఇది ఆరోగ్య సమస్యా, గౌరవ సమస్యా అని విడదీయబోతే ఎక్కడ గీత గీయాలో తెలియదు. గడియ పడే తలుపున్న ఒక్క మరుగుదొడ్డి ఆ రెంటినీ ఒకేసారి తీరుస్తుంది.

ఎండ తరవాత నిద్ర, డబ్బు. చెన్నైలో డేటా ఎంట్రీ పని చేసే, తక్కువ ఆదాయమున్న వారి మణికట్టుకు పరికరాలు కట్టి పరిశోధకులు నిద్రను కొలిచారు. రాత్రి ఎనిమిది గంటలు పక్కమీద ఉన్నా నిజంగా నిద్రపోయేది ఐదున్నర గంటలే. ఉక్క, దోమలు, రొద మిగతాది తినేస్తున్నాయి. 2021లో వెలువడిన ఆ అధ్యయనంలో తేలిన మరో సంగతి మన సైట్లకు నేరుగా పనికొస్తుంది. అలాంటి నిద్రకు రాత్రిపూట అరగంట కలిపినా పెద్ద మార్పు లేదు. పనిచోట ప్రశాంతంగా మధ్యాహ్నం అరగంట కునుకు తీయనిస్తే మాత్రం పని నాణ్యత, మనసు నెమ్మది రెండూ మెరుగుపడ్డాయి. 17 గంటలు వరుసగా మేలుకున్న మనిషి చేతి చురుకుదనం రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడితో సమానంగా పడిపోతుందని 1997లోనే ఆస్ట్రేలియాలో చేసిన ప్రయోగం చూపింది. మన మోటారు వాహనాల చట్టం 0.03 శాతం దాటినవాడిని బండి నడపనివ్వదు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి వంట చేసి, పిల్లలను సర్ది, పనికి వచ్చిన ఆడమనిషిని చూడండి. స్లాబు పని మధ్యలో ఆపకూడదు కాబట్టి రాత్రి తొమ్మిదింటికి ఆమె ఇంకా కాంక్రీటు తట్ట మోస్తూనే ఉంటుంది. మద్యం తాగినవాడికి స్టీరింగ్ ఇవ్వని మనం, అంతే మందగించిన మనిషిని అంచులేని స్లాబు మీద నడిపిస్తున్నాం.

డబ్బు గురించిన దిగులు కూడా బుర్రలో చోటు ఆక్రమిస్తుందనడానికి మన పక్క రాష్ట్రాల్లోనే రుజువులున్నాయి. తమిళనాడులో చెరకు రైతులకు కోతకు ముందు, కోత డబ్బు చేతికొచ్చాక ఒకే రకం పరీక్షలు పెట్టారు. 2013లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన ఫలితం ప్రకారం, ఆ రైతులే చేతిలో డబ్బులేని రోజుల్లో తక్కువ మార్కులు తెచ్చుకున్నారు. వాళ్ళ తెలివి మారలేదు, తీరిక లేనిదల్లా ధ్యాసకు. ఒడిశాలో ఆకు విస్తర్లు కుట్టే కూలీలలో కొందరికి చివర్లో ఇవ్వాల్సిన కూలిని కొన్ని రోజులు ముందే ఇచ్చిచూశారు. మొత్తం డబ్బు మారలేదు, అందిన తేదీ మాత్రమే మారింది. అందినవారు అప్పులు తీర్చుకున్నారు, దాదాపు 7 శాతం ఎక్కువ విస్తర్లు కుట్టారు, ధ్యాస తప్పి చేసే పొరపాట్లు తగ్గాయి. పెళ్ళికో ఆసుపత్రికో మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని, వారం బట్వాడా మూడు వారాలు వెనకబడిన హెల్పర్ ధ్యాస ఏ స్థితిలో ఉంటుందో దీన్నిబట్టి ఊహించవచ్చు. విస్తరి కుట్టేటప్పుడు ధ్యాస తప్పితే ఆకు చిరుగుతుంది. పరంజా మీద తప్పితే జరిగేది వేరు.

నాలుగోది భయం. అమెరికా పరిశోధకురాలు అమీ ఎడ్మండ్‌సన్ 1990లలో ఆసుపత్రుల్లో మందుల పొరపాట్లను లెక్కించబోయి ఆశ్చర్యపోయింది. మంచి బృందాలని పేరున్నచోట పొరపాట్లు ఎక్కువగా నమోదయ్యాయి. తరచి చూస్తే, అక్కడ తిట్లు పడవన్న నమ్మకంతో ఉన్నదున్నట్టు చెప్పుకుంటున్నారు. మిగతా చోట్ల దాచేస్తున్నారు. దీన్ని సైటుకు అన్వయించి చూడండి. పలక కదులుతోందని మొదట కాలికి తెలిసేది దానిమీద రోజుకు వందసార్లు నడిచే హెల్పర్‌కే. ఆ సంగతి ఇంజినీరు దాకా చేరాలంటే మేస్త్రీ, సబ్ కాంట్రాక్టరు, సూపర్‌వైజరు అనే మూడు మెట్లెక్కాలి. మొదటి మెట్టు దగ్గరే ‘నీకెందుకు, చెప్పింది చెయ్’ అన్న మాట, రేపటినుంచి రావద్దంటారన్న బెదురు అడ్డుపడతాయి. కులాన్నీ ఊరినీ భాషనూ కలిపి పిలిచే పిలుపులు, ఆడవాళ్ళ మీద వేసే వెకిలి మాటలు ఆ నోటిని ఇంకా గట్టిగా కట్టేస్తాయి. పదిమంది లోపు పనిచేసే చోట లైంగిక వేధింపుల ఫిర్యాదుల కోసం 2013 చట్టం ప్రతి జిల్లాలో స్థానిక కమిటీ పెట్టమంది. దాని అడ్రసు తెలిసిన హెల్పర్ అరుదు. తిట్టు మనసును నొప్పిస్తుందన్నది నిజమే. అంతకుమించి, తిట్టు సైటుకు అందాల్సిన హెచ్చరికను ఆపేస్తుంది.

పని ఒత్తిడి ఎక్కువగా, పనిమీద తనకున్న అధికారం తక్కువగా ఉండే ఉద్యోగాలే మనిషిని ఎక్కువ కుంగదీస్తాయని 1979లో రాబర్ట్ కరాసెక్ ప్రతిపాదించాడు. ఎంత మోయాలో, ఎప్పుడు ఆగాలో తాను తేల్చుకోలేని హెల్పర్ పని దానికి అచ్చమైన ఉదాహరణ. 2021లో అమెరికాలో పనిచేసే వయసు మగవాళ్ళలో లక్షకు 32 మంది ఆత్మహత్య చేసుకుంటే, నిర్మాణ రంగంలో లక్షకు 56 మంది. అదే ఏడాది మన జాతీయ నేర గణాంకాల సంస్థ నమోదు చేసిన 1,64,033 ఆత్మహత్యల్లో 42,004 రోజుకూలీలవి, అంటే నాలుగింట ఒకటి. వీరంతా నిర్మాణ కూలీలు కారు, కారణాలూ ఒక్కటి కావు. అయినా ఇంత పెద్ద సంఖ్యను పక్కనపెట్టి కార్మిక భద్రత గురించి మాట్లాడటం సాధ్యం కాదు.

భద్రత చూసుకోవాల్సింది పని ఏర్పాటే అన్నదానికి వచ్చే మొదటి అభ్యంతరం: ‘హెల్మెట్లు, బెల్టులు ఇచ్చినా వాళ్ళే పెట్టుకోరండీ’. ఇది చాలాసార్లు నిజమే. ఎందుకు పెట్టుకోరన్నది చూడాలి. నెత్తిన చుట్టకుదురు పెట్టి ఇటుకలు మోసే మనిషి హెల్మెట్ ఎక్కడ పెట్టుకుంటుంది? సేఫ్టీ బెల్టు నడుముకు కట్టినా కొక్కెం తగిలించడానికి బలమైన ఆధారం లేకపోతే అది అలంకారమే. గుత్తకు ఇచ్చిన పనిలో కొక్కెం తీసి మార్చే ప్రతి నిమిషం కూలిలో కోత అవుతుంది. ఇటుకలు పైకి చేర్చే చిన్న హాయిస్ట్ పెడితే మోత తప్పుతుంది, అప్పుడు హెల్మెట్ తలమీద నిలుస్తుంది. పెట్టుకోకపోవడం మొండితనంగా కనిపించినా, చాలావరకు పని అమరిక చూపించిన దారినే మనిషి నడుస్తున్నాడు.

రెండోది ఖర్చు. ఇక్కడ చెప్పినవాటిలో బట్వాడా వేళకు ఇవ్వడానికి, మధ్యాహ్నం అరగంట కునుక్కి, తిట్టకుండా పని చెప్పడానికి అదనంగా అయ్యే ఖర్చు నామమాత్రం. ఎండాకాలం పనివేళలు మార్చి తెల్లవారగానే పని మొదలుపెడితే పని తగ్గదు. రెయిలింగ్, వల, మరుగుదొడ్డి ఖర్చు నిజమే, కానీ భవనం ఖర్చులో అది చిన్న భాగం. పైగా 1996 నాటి చట్టాలతో మొదలుపెట్టి, నిర్మాణ వ్యయంలో 1 శాతం సెస్సు కార్మికుల సంక్షేమం కోసం వసూలవుతూనే ఉంది. ఆ వేలకోట్లు ఖర్చుకాకుండా పోగుపడి ఉండటాన్ని సుప్రీంకోర్టు 2018 తీర్పులో గట్టిగా తప్పుపట్టింది. ప్రమాదం జరిగితే ఖర్చు మాయమవదు, కాంట్రాక్టరు పుస్తకంలోంచి కూలీ కుటుంబం నెత్తిమీదికి మారుతుంది. 2014 జూన్‌లో చెన్నై మౌలివాకంలో నిర్మాణంలో ఉన్న 11 అంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోయినప్పుడు, ఉత్తరాంధ్ర నుంచి వలస వెళ్ళిన కుటుంబాలు కూడా ఆ మూల్యం చెల్లించాయి.

మూడో అభ్యంతరం: మనసు, ధ్యాస అన్నవి తీరిక ఉన్నవాళ్ళ కబుర్లు, కూలీకి కావలసింది పని. పైగా చెన్నై, ఒడిశా అధ్యయనాలు నిర్మాణ కూలీల మీద చేసినవి కావు కదా? కావు. నేరుగా పరంజా మీద కొలిచిన అంకెలుగా వాటిని వాడకూడదు. కానీ అలసిన మెదడు డేటా ఎంట్రీలో, విస్తరి కుట్టులో తప్పు చేస్తే, పలక మీద చేయదనుకోవడానికి ఆధారం లేదు. అన్ని వృత్తులనూ కలిపి చూసిన కాలిఫోర్నియా లెక్కలు కూడా అదే దిక్కు చూపుతున్నాయి. మనసు అవసరం మనకు తెలియనిదీ కాదు. 2023 నవంబరులో ఉత్తరాఖండ్ సిల్‌క్యారా సొరంగంలో 41 మంది కార్మికులు 17 రోజులు చిక్కుకుపోయినప్పుడు గొట్టం ద్వారా అన్నం, మందులతో పాటు ఇంటివాళ్ళ మాట, మానసిక వైద్యుల సలహా కూడా పంపాం. దేశమంతా చూస్తున్నప్పుడు గుర్తించిన అవసరాన్ని మామూలు సోమవారం నాడు కూడా గుర్తించాలి. అయితే కౌన్సెలింగ్ పోస్టరు అంటించి చేతులు దులుపుకోవడం దీనికి జవాబు కాదు. బాకీపడ్డ కూలికి మందు ఓదార్పు కాదు, కూలే.

ఇక చట్టం చూసుకుంటుంది కదా అనేవారికి ఒక మాట. 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం పదిమందికి తక్కువ పనిచేసే చోటును తన పరిధిలోకి తీసుకోలేదు. 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన వృత్తి భద్రతా కోడ్‌లో అది కలిసిపోయినా ఆ పదిమంది గీత అలాగే ఉంది. మన వీధిలో లేచే ఇళ్ళలో చాలావాటికి ఒక రోజు పనిచేసేది ఏడెనిమిది మందే. అక్కడికి ఇన్‌స్పెక్టరు రాడు. అక్కడ యజమాని అంటే ఇల్లు కట్టించుకునే మనమే. కాబట్టి మేస్త్రీతో రేటు మాట్లాడేరోజే అంచులకు రెయిలింగ్, గుంతలకు మూత, నీడ, నీళ్ళు, తలుపున్న మరుగుదొడ్డి, మధ్యాహ్నం విరామం ఒప్పందంలో రాయించండి. హెల్పర్ల కూలి ఏ రోజుకారోజో, వారానికోసారో వాళ్ళ చేతికే అందుతోందా అని కనుక్కోండి. వాళ్ళను పేరుతో పిలవండి, ఎక్కడైనా భయంగా ఉందా అని మీరే అడగండి. స్లాబు వేసేరోజు కొబ్బరికాయ కొట్టే ముందు ఒకసారి పైకెక్కి అంచుల చుట్టూ చూడండి. రెయిలింగ్ లేకపోతే ఆ రోజు స్లాబు ఆపండి.